వాలిన భుజం కొలతలు

కూతురు స్నానానికి వెళ్ళిన కాస్త సందులో దాని సంచి వెతకడం తల్లికి కొత్తేమీ కాదు. ఆ రోజు చేతికి చిన్న నోటుపుస్తకం తగిలింది.

ప్రేమలేఖలైనా అంత భయపడేది కాదు. అందులో కొలతలున్నాయి. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషన్ తొక్కుతున్న మనిషికి కొలతలు చదవడమంటే మనిషిని ఎదురుగా చూడడమే. మెడ నుంచి నడుము దాకా వీపు, ఎడమ భుజం, కుడి భుజం. కుడిది ఎడమదానికన్నా అంగుళమున్నర కిందికి వాలి ఉంది. పేజీ తిప్పింది. మళ్ళీ అదే వాలు. ఆరు పేజీలు, ఆరు తేదీలు, పేరన్నది ఎక్కడా లేదు. పావంగుళం అటూ ఇటూ తేడాలున్నాయి గానీ, దానికి టేపు బిగించి పట్టడం ఎప్పుడు వచ్చింది గనక!

'ఒకే మనిషి. ఆరుసార్లు కొలిచింది. టేపు వంకతో...'

కుడి భుజం వాలిన మగాడు ఆమెకు తెలిసి ఒక్కడే. డిజైను స్కూల్లో కూతురికి పాఠం చెప్పే మాస్టారు. బరువైన గుడ్డసంచి కుడి భుజాన వేలాడేసుకుని, ఓ పక్కకి ఒరిగి నడుస్తాడు. పెళ్ళాం పిల్లలున్నవాడు!

"ఏవండీ, అమ్మాయి చదువు మాన్పించేద్దాం," అంది మొగుడి దగ్గరికెళ్ళి.

ఆయన పేపరు దించలేదు. "పోయిన నెల గ్యాసు బండ పేలుతుందన్నావు. అంతకుముందు నా దగ్గు క్షయ అన్నావు. ఈ నెల వంతు దీనిదా?"

"కొంప మునిగాక కూడా అలాగే పేపరు చదువుకుందురు గాని!"

కళ్ళారా చూసి, నిజమైతే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేయాలి. మళ్ళీ ఆ స్కూలు గడప తొక్కనివ్వకూడదు. మధ్యాహ్నం మిషన్ మీద గుడ్డ కప్పి, మెళ్ళో టేపు మెళ్ళోనే ఉండగా బయల్దేరింది.

స్కూలు వెనక రేకుల షెడ్డు. లోపల చిరిగిన ఫ్లెక్సీ బ్యానర్లు, పాత స్కూలు బ్యాగుల పట్టీలు, బస్సు సీట్లలోంచి పీకిన స్పాంజి గుట్టలుగా పడున్నాయి. మాస్టారు నేల మీద కూర్చుని బ్యానరు కత్తిరిస్తున్నాడు. కూతురు లేదు.

"మీ అమ్మాయి ఇప్పుడే బయటికెళ్ళిందండీ, వచ్చేస్తుంది."

"మీరోసారి లేచి నిటారుగా నిలబడండి."

"ఎందుకండీ?"

"నిలబడండి, చెప్తాను."

ఆయన బిత్తరపోయి లేచాడు. టేపు పెట్టి కొలిచింది. రెండు భుజాలూ సమానం. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది.

"నాకేమైనా చొక్కా కుడుతున్నారా అమ్మా?"

"ఆ సంచి లేకపోతే మీరు బాగానే ఉన్నారే!" అంది, అదీ ఆయన తప్పే అన్నట్టు.

అంతలో కూతురు వచ్చింది. వెనకే వీధులూడ్చే ఆడవాళ్ళు ఆరుగురు, భుజాన చెత్తమూటలతో. గుమ్మం దగ్గర అటు తిరిగి మూటలు దించారు. ఆరు వీపులు వరసగా కనిపించాయి. ఆరు కుడి భుజాలూ ఒకే కత్తెరతో కోసినట్టు వాలి ఉన్నాయి.

మాస్టారి భుజం మీద టేపు చూసిన కూతురి మొహం మాడిపోయింది. "నా పుస్తకం చూశావు కదూ?"

"పేర్లెందుకు రాయలేదే మరి?"

"మేమే వద్దన్నామమ్మా," అందుకుంది వాళ్ళలో పెద్దావిడ. "ఎడం చేతిలో చీపురు, కుడి భుజాన మూట. ఏళ్ళ తరబడి ఇంతే. పుస్తకంలో పేరు కనిపిస్తే, బరువు మీద ఫిర్యాదు చేసిందని మా మేస్త్రీ ఆ ఒక్కదాన్నీ పనిలోంచి తీసేస్తాడు. సోమవారం ఆరుగురం ఒకేసారి తగిలించుకుంటే ఎవత్తెనని తీస్తాడు?"

తగిలించుకునేది గోడకి వేలాడుతోంది. బ్యానరు గుడ్డతో కుట్టిన పెద్ద సంచి, స్పాంజి కూరిన రెండు పట్టీలు, బరువు రెండు భుజాలకీ సర్దుకునేలా. వెనకవైపు జానెడేసి అక్షరాలతో రంగులో రాసుంది: 'నా వీపున ముప్పై రెండు కిలోలు'.

తల్లి ఆ అక్షరాల్ని అనుమానంగా చూసింది. పట్టీని ఇంకా అనుమానంగా చూసి గట్టిగా లాగింది. ఊడి చేతికొచ్చింది.

"ఒంటి కుట్టేశారు! ఈ బరువుకి ఆగుతుందా? చుట్టూ కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా వెయ్యాలి."

"మా వీపున ఊడకుండా నీ చేతిలో ఊడింది, మేలు చేశావు," అని నవ్వింది పెద్దావిడ.

మూలనున్న మిషన్ ముందు తల్లే కూర్చుంది. దానికీ, పక్కన మడిచి పెట్టిన మిగతా ఐదు సంచులకీ పట్టీలు బిగించి లేచేసరికి సాయంత్రమైంది.

ఇంటికెళ్ళే దారిలో కూతురు అడిగింది.

"రేపు మాస్టారి మొహం ఎలా చూడను? నన్నడగొచ్చు కదమ్మా."

తల్లి మెళ్ళో టేపు తీసి చుట్ట చుట్టుకుంది.

"చదువు మాన్పించేద్దామనుకున్నావా?"

"అనుకున్నా."

"ఇప్పుడో?"

"వెళ్ళవే, వెళ్ళు. కానీ ఆ అక్షరాలు కాస్త చిన్నగా రాయకూడదూ? మేస్త్రీ కంట పడితే నీ మీదికే వస్తాడు."

"ఊరందరి కంటా పడాలనే అంత పెద్దగా రాశాం. అంతమంది చదివాక వాడొక్కడూ ఏం చేస్తాడు?"

"ఏమైనా చేస్తాడు," అంది తల్లి. మలుపులో ఎవడో బండి ఆపుకుని ఇటే చూస్తున్నాడు. ఆమె కూతుర్ని గోడవైపుకి నెట్టి, తను రోడ్డువైపుకి మారి నడిచింది.