ఒక్కసారే అడిగాను

మా ఇంట్లో మూడు ప్లేట్లు పెట్టేది బుధవారం సాయంత్రమే. మిగతా ఆరు రోజులూ ఒకటే ప్లేటు.

బుధవారం ఆరున్నరకు చర్చిలో పిల్లలకు పాఠాలు మొదలవుతాయి. నా కూతురు మార్లిస్‌కు వృద్ధాశ్రమంలో సాయంత్రం డ్యూటీ. అందుకని దాని పిల్లలిద్దరూ స్కూలు అయ్యాక నా దగ్గర తిని వెళ్తారు. కెండ్రాకు పన్నెండేళ్లు, టెస్‌కు ఎనిమిది. నా భార్య సిగ్నె ఉన్నప్పుడు పెట్టిన ఏర్పాటు ఇది. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఏర్పాటు మాత్రం ఆగలేదు. ఈ గంట లేకపోతే వారమంతా నా ఇంట్లో మనిషి గొంతు వినపడదు.

పిల్లలు వచ్చేసరికి ఐదవుతుంది. వంటకు ఎక్కువ సమయం ఉండదు. అందుకే కీమా బన్నులు చేస్తాను. పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి ఒక పొట్లం తీసి సింకులో పెడతాను. పిల్లలు కోట్లు విప్పుతుండగా మూకుడు పొయ్యి మీద పెట్టి, ఉల్లిపాయ తరిగి, మాంసం వేసి ఫోర్కుతో పొడిపొడిగా విడగొడతాను. ఎరుపు పోయాక ఆవముద్ద, టమాటా సాసు, కాస్త వెనిగర్, చెంచాడు చక్కెర, గ్లాసు నీళ్లు. చివర్లో రెండు గుప్పెళ్ల ఓట్స్. ఓట్స్ నీళ్లు పీల్చుకుని మాంసంలో కలిసిపోతాయి, నోటికి తెలియవు. ఒక పౌండు మాంసానికి ఆరు బన్నులు నిండుతాయి, ఓట్స్ కలిపితే ఎనిమిది. నిన్నటి బన్నులు చవగ్గా ఇస్తారు. దించే ముందు వాటిని కీమా మీద బోర్లించి మూత పెడితే ఆవిరికి మెత్తబడతాయి. ఇదంతా సిగ్నె పద్ధతి. ఆవిడ బతికుండగా ఓట్స్ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే తిట్టేవాణ్ణి.

ఆ బుధవారం మంచువాన పడుతోంది. పిల్లల్ని ఎప్పుడూ వాళ్ల నాన్న గేలెన్ గేటు దగ్గర దింపి వెళ్లిపోతాడు, ఆరింటికి మళ్లీ వస్తాడు. ఆ రోజు రోడ్డు గాజులా ఉంది. అంత దూరం రెండుసార్లు తిరగడం ఎందుకని లోపలికొచ్చాడు. తలుపు దగ్గర పట్టా మీద బూట్లతోనే నిలబడ్డాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"రోడ్డు బాలేదు మామయ్యా. పిల్లలు తినేదాకా ఇక్కడ నిలబడొచ్చా?"

"నిలబడు."

కొత్త సంవత్సరం రోజున మాంసం ఫ్యాక్టరీ మూతపడింది. గేలెన్ అక్కడ పదమూడేళ్లు పనిచేశాడు. అప్పటికి పని పోయి ఎనిమిది వారాలు. మొహం పీక్కుపోయింది. నేను చూశాను. చూడలేదని చెప్పను.

మూత తీశాను. ఆవిరి లేచింది. వంటిల్లంతా ఉల్లిపాయ, ఆవ వాసన. గేలెన్ గొంతు కదలడం కూడా చూశాను.

"తింటావా?" అన్నాను.

"వద్దు మామయ్యా. ఇప్పుడే తిని వచ్చాను."

"సరే," అని మూత పెట్టేశాను.

ఇక్కడ మా పద్ధతి చెప్పాలి. నార్వే నుంచి వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా వాళ్లలో తిండికి పిలిస్తే మొదటిసారి వద్దంటారు. రెండోసారీ వద్దంటారు. మూడోసారి అడిగితే, "సరే, కొంచెం పెట్టండి," అంటారు. అడిగేవాడికీ తెలుసు, వద్దనేవాడికీ తెలుసు. ఒకసారి అడిగి ఊరుకోవడం అసలు అడగకపోవడం కంటే హీనం. అడగకపోతే పాపం మరిచిపోయాడనుకుంటారు.

గేలెన్ మా వాడు కాదు. నదికి అవతల జర్మన్ క్యాథలిక్కుల ఇంట్లో పుట్టాడు. వాళ్లు పెడితే తింటారు, వద్దనుకుంటే వద్దంటారు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు సిగ్నె, "బన్ను తింటావా బాబూ?" అంటే, "తింటానండీ," అని కూర్చుని నాలుగు తిన్నాడు. నాకు అదొక వేడుక దొరికింది. కోతల భోజనాల దగ్గర, చర్చి నేలమాళిగలో కాఫీల దగ్గర, నలుగురు చేరిన ప్రతిచోటా అదే పాట. "మా అల్లుడితో బాధ లేదర్రా, రెండోసారి అడిగే పనుండదు." అందరూ నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఒకరోజు నేను వెనక గదిలో చేతులు కడుక్కుంటుంటే వంటింట్లోంచి సిగ్నె గొంతు వినిపించింది.

"మొదటిసారి వద్దను. రెండోసారి కూడా వద్దను. మూడోసారికి నేనే నీ ప్లేట్లో పెడతాను."

"ఆకలేస్తున్నా వద్దనాలా అత్తయ్యా?"

"ఆకలేస్తుంటే ఇంకా గట్టిగా వద్దను."

ఇద్దరూ పకపకా నవ్వారు. నేను చేతులు తుడుచుకుని బయటి నుంచే వెళ్లిపోయాను.

వాడు మర్యాద నేర్చింది నా నోటికి జడిసి. ఆ మర్యాదనే పట్టుకుని ఆ సాయంత్రం నేను వాడి కడుపు మాడ్చాను.

ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కారణం లేదు. సిగ్నె చివరి నెలలో నా చేత్తో సూప్ ఇస్తే తాగేది కాదు. వాడిస్తే తాగేది. వాడు ఫ్యాక్టరీ కబుర్లు చెబితే నవ్వేది. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసిన నాకు ఆ నెలంతా ఒక్క నవ్వు కూడా మిగల్చలేదు. అదీ నా కారణం. ఇలాంటి కారణం ఇంకెవరైనా చెబితే మొహాన ఉమ్మేస్తాను.

పిల్లలకు చెరొక బన్ను పెట్టాను. నేనొకటి పెట్టుకున్నాను. మూకుట్లో ఇంకా ఐదు బన్నులకు సరిపడా ఉంది. ఫ్రీజర్‌లో సగం ఆవుకు సరిపడా మాంసం ఉంది. ఇంట్లో తిండి లేక కాదు.

కెండ్రా బన్ను ముట్టుకోలేదు. నా మొహం చూస్తోంది. చిన్నగా అంది:

"తాతా, ఇంకోసారి అడగవా?"

"తిన్నానన్నాడుగా. పెద్దవాళ్ల మాట పెద్దవాళ్లకు తెలీదా?"

"తినలేదు," అంది టెస్, నోటి నిండా కుక్కుకుని. "నాన్న పొద్దున్నుంచీ ఏం తినలేదు. బ్రెడ్డు మాకే సరిపోయింది."

"టెస్!" అన్నాడు గేలెన్. "నోరు మూసుకుని తిను."

"నిజమే కదా నాన్నా!"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ పెట్టుకున్నాడు. "నేను బండిలో ఉంటాను. మీరు నిదానంగా తినండి," అని వెళ్లిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

అప్పుడైనా లేవాల్సింది. గరిటె నా చేతి దగ్గరే ఉంది. కానీ టెస్ మాట తర్వాత అడిగితే, మొదట కావాలనే అడగలేదని నేనే ఒప్పుకున్నట్టు. లేవలేదు. కిటికీలోంచి బండి కనిపిస్తూనే ఉంది. పెట్రోలు దండగని ఇంజను ఆపేశాడు. అద్దాలకు మంచు పట్టింది. లోపల మనిషి మసకగా కనిపిస్తున్నాడు.

"మిగిలింది నాన్నకు తీసుకెళ్లనా?" అంది కెండ్రా.

"అది రేపు నా మధ్యాహ్నానికి."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ పలికించలేదు.

ఆ పిల్ల చెల్లెలి మూతి తుడిచింది, కోటు తొడిగింది. "థాంక్యూ తాతా," అంది. పెట్టిన తిండికి థాంక్యూ చెప్పాలని వాళ్లకు నేర్పింది నేనే.

వాళ్లు వెళ్లాక మూకుడు ముందు నిలబడి మిగిలిన కీమా గరిటెతోనే తిన్నాను. ఆకలి లేదు. కనపడకుండా పోవాలని తిన్నాను.

గురువారం పొద్దున మార్లిస్ వచ్చింది. కోటు విప్పలేదు. కాఫీ పోస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాన్నా, ఎన్నిసార్లడిగావు?"

ఊళ్లో ఇంకెవరైనా అయితే ఏం జరిగిందని అడుగుతారు. అది నా కూతురు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటేనని దానికి తెలుసు.

"ఒకసారి."

"ఒక్కసారే?"

"వాడికి నోరు లేదా? ఆకలేస్తే తింటానని చెప్పొచ్చుగా? ఒకప్పుడు చెప్పేవాడేగా?"

"చెప్పేవాడు. పదేళ్లు నువ్వు ఆయన్ని చూపించి ఊరందర్నీ నవ్వించావు. ఇప్పుడు చెప్పడు." అది తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఇంటికొచ్చి ఆయన నాతో ఒక్క మాట అనలేదు. టెస్ చెప్పింది. ఆయన నిన్నే వెనకేసుకొచ్చాడు, తెలుసా? మామయ్యకు చెవులు సరిగ్గా వినపడట్లేదేమో అన్నాడు. బుధవారాలు పిల్లలు రారు. సూప్ డబ్బాలో పోసిచ్చి చర్చికి పంపించుకుంటాను. నువ్వు ఒక్కడివే తిను."

నా చెవులు బాగానే వినిపిస్తాయి.

మళ్లీ బుధవారం వచ్చింది. పిల్లలు రారని తెలుసు. అయినా పొద్దున్నే పొట్లం తీసి సింకులో పెట్టాను. ఈసారి రెండు పొట్లాలు. ఓట్స్ కలపలేదు. సాయంత్రం ఉల్లిపాయ తరిగి, వండి, బన్నులు మెత్తబరిచి, మూకుడుతో సహా తువ్వాలు చుట్టి, బండిలో పక్క సీట్లో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మార్లిస్ డ్యూటీలో ఉంది. పిల్లలు చర్చికి వెళ్లారు. తలుపు గేలెన్ తీశాడు.

"మామయ్యా. ఏమైంది?"

"కీమా బన్నులు తెచ్చాను. వేడిగా ఉన్నాయి."

"ఎందుకు శ్రమ? ఇప్పుడే తిన్నాను."

"తిను."

"వద్దు మామయ్యా, నిజంగా."

"కొంచెం తిను గేలెన్."

మూడోసారి అది. వాడు ఒప్పుకుంటే ఇద్దరం పరువుగా బయటపడే వాళ్లం. నేను లోపలికి వెళ్లేవాణ్ణి, వాతావరణం గురించి మాట్లాడుకునే వాళ్లం, జరిగింది జరగనట్టే పోయేది. మా దగ్గర తప్పులు అలాగే మాసిపోతాయి.

"వద్దు," అన్నాడు. గొంతు పెంచలేదు.

మూడోసారి కూడా వద్దంటే అది నిజంగా వద్దనే. ఆ తర్వాత ఎవడూ అడగడు. అడిగితే అడుక్కున్నట్టే. డెబ్బై ఏళ్లవాణ్ణి, వాడి గుమ్మంలో, తువ్వాలు చుట్టిన మూకుడుతో.

నాలుగోసారి అడిగాను.

"నువ్వు తినలేదని ఆ రోజు నాకు తెలుసు. నా చెవులు బాగానే ఉన్నాయి. కావాలనే ఒకసారి అడిగి ఊరుకున్నాను. ఇది తీసుకో."

వాడు నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నాకు తెలుసు మామయ్యా. తెలిసే చెవుల మాట అన్నాను. పిల్లలకు తాతంటే అసహ్యం పుట్టకూడదని." మూకుడు అందుకోలేదు. "వచ్చే బుధవారం నుంచి పిల్లల్ని పంపిస్తాను. మార్లిస్‌తో నేను చెబుతాను. మీరు ఒక్కరే ఉంటారు, అత్తయ్య చూస్తే బాధపడేది. నేను మాత్రం లోపలికి రాను. దాని గురించి మళ్లీ అడగొద్దు."

"ఇది?"

"తీసుకెళ్లండి. రోడ్డు జాగ్రత్త."

తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

అన్న మాట ప్రకారం పిల్లలు వచ్చారు. కావలసింది దొరికింది నాకు. మళ్లీ మూడు ప్లేట్లు. గేలెన్ గేటు దగ్గరే బండి ఆపి, ఇంజను ఆపి, అందులోనే కూర్చున్నాడు. టెస్ ఎప్పటిలాగే వాగుతోంది, పన్ను ఊడిందని చూపించింది. కెండ్రా తన బన్నును కత్తితో సరిగ్గా మధ్యకు కోసింది. సగం తింది. మిగతా సగం కాగితం రుమాల్లో పెట్టి, అంచులు మడిచి, కోటు జేబులో పెట్టుకుంది. దాచుకోలేదు. నా ముందే చేసింది.

నేను లేచి మూకుట్లో ఉన్నదంతా బన్నుల్లో నింపాను. ఐదు వచ్చాయి. కాగితంలో చుట్టి దాని ముందు పెట్టాను.

"ఇవి మీ నాన్నకివ్వు."

"వద్దు తాతా."

"తీసుకెళ్లమ్మా."

"వద్దు."

"కెండ్రా, అందరికీ సరిపోతాయి, తీసుకెళ్లు."

అది పొట్లాన్ని నా వైపు మెల్లగా నెట్టింది, మర్యాదగా, చెయ్యి తగలకుండా.

"అవి నువ్వుంచుకో తాతా," అంది. "నాన్నకు నాది ఇస్తాను."

చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్లింది. బండి తలుపు తెరుచుకోవడం, లోపలి దీపం వెలగడం కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల జేబులోంచి రుమాలు తీసి ఇచ్చింది. వాడు ఒక్కసారి కూడా వద్దనలేదు.