లోపలికి లాగే ఊపిరి

దానికి ఊదుగొట్టం అని పేరు పెట్టింది అత్త అప్పలనరసమ్మ. "ఏటే దాలమ్మా, పొద్దెక్కిపోతంది, ఊదుగొట్టం ఊదినావా?" అని రోజూ వరండాలోంచి కేకేసేది. ఊదడం కాదు అత్తా, లోపలికి లాగాలి అని దాలమ్మ మొదట్లో చెప్పి చూసింది. పొయ్యి ముందు పెరిగిన మనిషికి గొట్టమంటే ఊదేదే. చెప్పడం మానేసింది.

ఆస్పత్రి వాళ్ళు వాడుకోమని ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టం అది, జానెడు లేదు. లోపల స్ప్రింగు ఉంటుంది. ముక్కు మూసుకుని, పెదాలు బిగించి గాలి లాగితే ఆ స్ప్రింగు అడ్డం పడుతుంది. దాన్ని గెలిచి లాగాలి. ఊపిరి లాగే కండరాలకు అదే కసరత్తు అని ఊర్మిళ చెప్పింది. ఊర్మిళ ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే అమ్మాయి, వీళ్ళలా బతుకుతెరువుకు వలస వచ్చింది కాదు, రాయపూర్ పిల్లే. "ధీరే ధీరే, మెల్లగా దీదీ. కళ్ళు తిరిగితే వెంటనే ఆపెయ్" అనేది. ముక్కుకు పెట్టే క్లిప్పు ఎక్కడో పడిపోతే దాలమ్మ బట్టల క్లిప్పు పెట్టుకునేది. అది చూసి, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మొగుడు నూకరాజు నవ్వేవాడు. "పగలంతా వ్యాగన్లకి బ్రేకు గొట్టాలు బిగించి ఇంటికొస్తే ఇక్కడా గొట్టమేనా?"

జబ్బు పేరు తెలిసింది తొంభై ఆరులో. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో ఒత్తిడి పెరిగిపోయింది, దాన్ని తోసి తోసి గుండె అలిసిపోతోంది. అంతకుముందు దానికి ఇంట్లో వేరే పేర్లుండేవి. కుళాయి నుంచి బిందె తెచ్చి గుమ్మంలో చతికిలబడితే బద్ధకం. మెట్ల మధ్యలో ఆగితే నాటకం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగితే, "అబద్ధం వెతుక్కుంటంది సూడరా" అనేది అత్త. పండరీ బట్టల బజారు దుకాణాల చీరలకు ఫాల్స్ కుడుతూ, కుట్టు మీద తల వాల్చేస్తే, "కూకుని సేసే పనికి కూడా రొప్పేనా?" అనేవాడు మొగుడు. ఇన్ని నోళ్ళు ఒకే మాట అంటుంటే మనిషి ఎంతకాలం ఎదురు నిలుస్తుంది? ఒళ్ళు వంచితే తగ్గుతుందేమోనని దాలమ్మ కూడా అనుకుంది. అనుకుని ఇంకో బిందె ఎత్తేది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగేవి.

గొట్టం వచ్చాక ఇల్లు మారిపోయింది. అత్త బిందె ముట్టనివ్వలేదు. పొద్దున్నే ఒక గుడ్డు ఉడకబెట్టి, తొక్క తీసి, ఉప్పు జల్లి చేతికిచ్చేది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ ఇంట్లో దాలమ్మకు ఎవరూ తొక్క తీసి ఏదీ ఇవ్వలేదు. మొదటి రోజు తింటూ ఏడ్చింది. నెలనెలా మైల రోజుల్లో మాత్రం గుడ్డు వచ్చేది కాదు. మైలలో ఉన్న మనిషికి వండిపెట్టకూడదేమోలే అనుకుంది. ఆ రోజుల్లో అత్త ముఖం ఎందుకు వాడిపోయేదో అడగాలని తోచలేదు.

"ఊపిరి బలం రాగానే అన్నీ మామూలేనంట. మనవడు పుడతాడు, బెంగెట్టుకోకు" అనేవాడు నూకరాజు తల్లితో, పెళ్ళానికి వినపడేటట్టు. డాక్టరు చెప్పింది ఇంట్లోవాళ్ళలో విన్నవాడు అతనొక్కడే. ఆ రోజు పరీక్షలన్నీ అయ్యాక, "నువ్వు కాసేపు బయట బెంచీ మీద కూర్చో అమ్మా" అని దాలమ్మను పంపేశాడు డాక్టరు. జబ్బు ఆమెది, కబురు మొగుడిది. లోపల చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి, "ఊపిరి కసరత్తు సెయ్యాలంట, అంతే" అన్నాడు నూకరాజు.

కసరత్తు పనిచేసింది. జబ్బు పోలేదు. పోదని ఊర్మిళ మొదటే చెప్పింది. కానీ బడికెళ్ళే కూతురికి రెండు జడలూ ఆగకుండా అల్లగలుగుతోంది. ఊరి సంగతొకటి మొదలుపెడితే చివరిదాకా చెప్పగలుగుతోంది. ఆ సంతోషంతోనే ఈసారి స్ప్రింగు బిగింపు పెంచుకోవడానికి, మొగుడికి డ్యూటీ ఉందంటే, ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది.

ఊర్మిళ గొట్టం మర తిప్పుతుంటే సిగ్గుపడుతూ అడిగింది, వచ్చీరాని హిందీలో. ఇంకెన్నాళ్ళకు బిడ్డను కనొచ్చు?

ఊర్మిళ చెయ్యి ఆగిపోయింది. "ఎవరు కనమన్నారు?"

"డాక్టరుగారు. మా ఆయనతో."

"దీదీ, నేను ఆ గదిలోనే ఉన్నాను. కడుపొస్తే నీ గుండె తట్టుకోదు, నువ్వు బతకవు అని చెప్పారు. రెండుసార్లు చెప్పారు. నీకు మత్తిచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడం కూడా ప్రమాదమే, అందుకని మగవాళ్ళకు చేసే ఆపరేషన్ మీ ఆయన్నే చేయించుకోమని, చిన్న పనేనని కూడా చెప్పారు. ఆయన తలూపాడు. చేయించుకున్నాడనే అనుకున్నాం."

దాలమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు తెలీబంధా చెరువు దాటింది. ఆమె చూడలేదు. తల ఊపినవాడు రెండేళ్ళుగా పక్కలోకి వస్తూనే ఉన్నాడు. ప్రతి నెలా తను చావుకు ఎంత దగ్గరగా పోయి వచ్చిందో తనకే తెలియదు. తనకు తెలియకుండానే గట్టెక్కింది. గుడ్డు పెట్టినన్నాళ్ళూ అత్త చూసింది తన ఊపిరిని కాదు, కడుపుని. సంతలో పాడి గేదెకు తవుడు పెట్టి డొక్కలు తడిమి చూసేవాళ్ళను చిన్నప్పుడు చూసింది. వాళ్ళూ ప్రేమగానే తడిమేవారు.

ఇంటికొచ్చేసరికి నూకరాజు అన్నానికి కూర్చున్నాడు. కూతురు బడి నుంచి ఇంకా రాలేదు. అదీ మంచికే. దాలమ్మ నిలబడే అడిగింది.

"మావా, నన్ను బెంచీ మీద కూకోబెట్టి డాక్టరు నీకేటి సెప్పినాడు?"

"ఎన్నిసార్లు సెప్పాల? కసరత్తు..."

"మిగతాది సెప్పు."

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "భయపడతావని సెప్పలేదు."

"ఎవులు భయపడినారు? ఆపరేషను నిన్ను కదా సేయించుకోమన్నాడు."

ముద్ద కంచంలో పడింది. "ఏటే, నన్ను గొడ్డుని సేస్తావేటి? సూర్యారావుగాడు సేయించుకుంటే ఏడాది పొడుగునా వర్క్‌షాపంతా వాణ్ణి వదినా, వదినా అని పిలిసినారు."

"నువ్వూ పిలిసినావు."

గుమ్మంలోంచి అత్త అందుకుంది. "డాక్టర్లకేటి, అందరికీ అలాగే సెప్తారు. ఆరుగుర్ని కన్నాను, ఏ ఒక్కడికీ డాక్టర్ని అడగనేదు."

దాలమ్మ అటు తిరిగింది. "నీకూ తెలుసా అత్తా?"

"తెలిస్తే ఏటి? బలం రానీ, అప్పుడు సూద్దామనే కదా గుడ్డెట్టినాను." కోపం లేదు ఆ గొంతులో. చేసిన ఉపకారం గుర్తుచేస్తున్నట్టే ఉంది.

దాలమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఊపిరి ఖర్చవుతుంది. గదిలోకి వెళ్ళి, మంచం మీది మొగుడి పరుపు చుట్టింది. దూదిపరుపు, బరువు. తలుపు దాకా లాగి ఆగింది. ఊపిరి అందాక వరండా వైపు ఇంకాస్త లాగింది. మళ్ళీ ఆగింది. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. ఆమె ఎప్పుడు ఏది మోసినా వాళ్ళు అలాగే చూసేవారు, కాబట్టి అదేమంత కొత్త కాదు. పరుపు వరండాలో పడేశాక అతని దిండు తెచ్చి దాని మీద పెట్టింది.

అప్పటికి అర్థమైంది అత్తకు. "ఓలమ్మ! మొగుడి పక్క వరండాలో ఏస్తావేటే? ఎదర క్వార్టరోలు సూసి అడిగితే ఏటి సెప్పాల?"

దాలమ్మ గోడకు ఆనుకుంది. గుండె దడ కొంచెం తగ్గేదాకా, మాట తెగకుండా వస్తుందని నమ్మకం కలిగేదాకా, తొందరపడకుండా ఉంది. నూకరాజు కంచం ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"అడగనీ అత్తా. ఆపరేషను ఎవులు సేయించుకోవాలో, ఎవులు భయపడి దాసినారో, నన్ను సంపి అయినా మనవణ్ణి ఎత్తుకోవాలని ఎవులు సూసినారో, అడిగినోళ్ళకి అడిగినట్టు నేనే సెప్తాను."