వేరు పట్టేదాకా

సారలమ్మకు నిద్ర లేక ఏడాది దాటింది. కళ్లు మూస్తే చాలు, చెవిలో మాటలు వరస కట్టేవి. ఒక మాట పక్కన ఇంకో మాట వచ్చి కూర్చునేది, ఆ రెండింటికీ జోడీగా మూడోది. పొయ్యి మీద జావ మాడిపోతున్నా ఆమెకు వాసన తెలిసేది కాదు. మొగుడు ఎర్రయ్య ఆమెను ఊరి పూజారి వడ్డె దగ్గరికి తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. "పాటలు మానెయ్యరాదే," అన్నాడు. "నేను పిలుస్తున్ననా? అవే వస్తయి," అంది ఆమె. ఒకసారి వాగులో నడుము లోతున ఊరికే నిలబడి ఉంటే, చేపలు పట్టేవాళ్లు చేయి పట్టుకుని ఇంటికి తెచ్చారు.

మరైగూడ చుట్టుపక్కల నాట్ల పాటలు చాలావరకు ఆమె కట్టినవే. చదువు రాదు. కట్టిన పాట గాలిలో కలిసిపోయేది. ఒకనాడు సంతలో ఉసూర్ వైపు ఆడవాళ్లు ఆమె పాటే పాడుతూ, అది తమ అవ్వల కాలం నాటిదని చెప్పారు. సారలమ్మకు ముందు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక చాలాసేపు ఏడ్చింది.

యుద్ధం వల్ల బస్తర్ రాజ్యంలో కిరసనాయిలు కూడా కరువైన ఆ ఏడు, వాన మాత్రం వేళకే పడింది. తెల్లారగానే పటేలు ఉప్పలయ్య ఆమె వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ఆకూవక్కా. నాట్లకు ముందు పాట ఎత్తే మనిషిని అలా పిలవడం ఆ ఊరి మర్యాద.

"నిరుటి పాటే ఎత్తాలె సారలమ్మా. ఉరుకుల పాట. వాగవతల మా తమ్ముడు ఇంకా దుక్కిల్నే ఉన్నడు. వాని కంటె ముందు మన మళ్లు పచ్చబడాలె."

"నాకు పానం మంచిగ లేదు పటేలా. ఇంకెవల్నన్న పిలువు."

"నువ్వు ఎత్తకుంటె ఆళ్ల చేతులు కదుల్తయా?"

ఆ మాట నిజమే. నాట్లలో చేతులు పాటను బట్టి నడుస్తాయి. ఒకరు చరణం ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు, దరువు పడ్డచోటల్లా మొక్క మట్టిలోకి దిగుతుంది.

*మబ్బొచ్చె మబ్బొచ్చె మడికాడికొచ్చె*
*గబగబ దిగరాదె గాజుల పిల్లా*

నిరుడు ఈ పాటకు ఆడవాళ్ల చేతులు కోడిపిల్లల ముక్కుల్లా ఆడాయి. నవ్వుతూనే నాటారు. మధ్యాహ్నం దాటాక సారలమ్మ తోడికోడలు సోమమ్మ బురదలో కూలబడింది. కడుపులో బిడ్డ నిలవలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. "పాట మస్తుగున్నది గదక్కా, ఎట్ల ఆగుదును?" అంది సోమమ్మ, చాప మీద పడుకుని. ఆ మాటే సారలమ్మ నిద్రను తీసుకుపోయింది.

ఇప్పుడు సోమమ్మకు మళ్లీ కడుపు ఎత్తుగా కనిపిస్తోంది. ఇంట్లో ఉండమంటే కుదరదు. పటేలు భూమి మీద బతికే ఇళ్లలో ఆడవాళ్లంతా నాట్లకు దిగాల్సిందే. దిగి వెనకబడితే ఇంటికి పంపేస్తాడు, మరుసటేడు ఆ ఇంటి చేను ఇంకొకరికి పోతుంది.

సారలమ్మ ఆకూవక్కా తీసుకుంది.

మడిలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి మెత్తటి బురద పైకి ఉబికి వచ్చింది. అంత అలసటలోనూ ఆ మెత్తదనం ఆమె పాదాలకు హాయిగానే తోచింది. ఆడవాళ్లు వరసగా వంగారు. నాట్లలో అందరూ వెనక్కి నడుస్తారు కాబట్టి, వెనకబడ్డ మనిషి ఒక్కతే ముందు మిగిలిపోయి, గట్టు మీదివాడికి ఇట్టే దొరికిపోతుంది. తాటాకు గొడుగు కింద ఉప్పలయ్య చూపు అక్కడే ఉంది.

"ఏంది సారలక్కా, నోట్లె నారుకట్ట పెట్టుకున్నవా?" అంది పక్కనున్న దోర్ల తెగ ఆడమనిషి భీమే. "ఎత్తరాదు!"

సారలమ్మ చివరన ఉన్న సోమమ్మను చూసింది. ఒక చేయి నడుము మీద, ఒక చేయి నీళ్లలో. ఊపిరి తీసుకుని, వారాలుగా చెవిలో తిరుగుతున్నదాన్ని బయటికి వదిలింది.

*పుట్టిన మడి ఇడిసి వచ్చిన నారా...*
*మెల్లంగ కాలూను, మెత్తని మన్ను...*

ఆ రాగం సాగుతూ, ఆగుతూ, మళ్లీ సాగింది. అందుకోబోయిన ఆడవాళ్లు ముందు తడబడ్డారు. తర్వాత ఒక్కొక్క గొంతే దాంట్లోకి దిగింది. పాటతో పాటు చేతులూ నిదానించాయి. మొక్క పెట్టి, మట్టి అదిమి, నడుము నిలబెట్టి, మళ్లీ వంగేంత వ్యవధి ఉంది అందులో. చిన్న కప్ప ఒకటి భీమే చీర కుచ్చిళ్లలోకి దూకితే, దాన్ని తీసి గట్టు మీదికి వదలడానికి కూడా తీరిక దొరికింది.

*వేరు పట్టేదాక నిన్నెవరు తరుమరు...*

"ఏం పాటే అది, పీనుగ లేసినట్టు?" ఉప్పలయ్య కేకేశాడు. "ఉరుకుల పాట ఎత్తు!"

"అది నిరుటిది పటేలా. పాతవడ్డది."

"మీ తమ్ముని ఎడ్లు ఇంకా పండుకునే ఉన్నయి," అంది భీమే. "నీకెందుకు గింత తొందర?"

ఆడవాళ్లు నవ్వారు, నవ్వు కూడా పాట వరసలోనే సాగింది. ఉప్పలయ్య గట్టు పొడవునా తిరిగి వెనకబడ్డ మనిషి కోసం వెతికాడు. ఎవరినని పంపుతాడు? వరస వరసంతా దారం పట్టి గీసినట్టు ఉంది. చివరన సోమమ్మ కూడా అందరిలాగే వంగి ఉంది.

పొద్దు వాలేసరికి సగం మళ్లే అయ్యాయి. ఉప్పలయ్య సారలమ్మ ఎదుటికి వచ్చాడు. "రేపట్నుంచి నువ్వు రాకు. ఉరుకుల పాట తెలిసిందాన్ని తెస్త. ఇగ నీకు ఆకూవక్కా లేదు, ఈ ఏడే కాదు, ఎన్నడూ."

సారలమ్మ కాళ్ల బురద కడుక్కుంది. చీర కుచ్చిళ్లు పిండుకుని ఇంటి దారి పట్టింది.

మర్నాడు అందరూ మడికి పోయాక, పొయ్యి మీద జావ పెట్టి చాప మీద ఒరిగింది. కాసేపటికి మళ్ల వైపు నుంచి కొత్త గొంతు ఒకటి వినిపించింది, మబ్బొచ్చె మబ్బొచ్చె అంటూ. సారలమ్మ తల ఎత్తి వింది. ఆ గొంతు ఒంటరిగా పరిగెత్తి, ఎవరూ అందుకోక ఆగిపోయింది. తర్వాత చాలా గొంతులు కలిసి లేచాయి. తొందర లేదు. సాగుతూ, ఆగుతూ, మళ్లీ సాగుతూ. మెల్లంగ కాలూను. అన్నిటికంటే సన్నగా వినిపించేది సోమమ్మది.

ఆమె చెవిలో ఈసారి కొత్త మాటేదీ వచ్చి కూర్చోలేదు.

కల్లు ముంతతో ఇల్లు చేరిన ఎర్రయ్యకు మాడు వాసన కొట్టింది. కేకేయబోయి చాప వైపు చూశాడు. సారలమ్మ నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. అతను మసిగుడ్డతో కుండను చప్పుడు కాకుండా దించి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగాడు.