పైమడి దురద

"గాడ్నే ఆగు. తానం జేసినంకనే లోపటికి రా."

ఈ మాట అత్తమ్మ కొత్తగా అన్నది కాదు. ఎల్లారెడ్డి పక్కన ప్రభుత్వ దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరినప్పటి నుంచీ, సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొస్తే మా అత్త రామవ్వ పలకరింపు ఇదే. చలికాలమైనా సరే, పెరట్లో నల్లా కింద చెంబులు కుమ్మరించుకోవాల్సిందే. "పొద్దంత తండోళ్ల పియ్యి చూసొచ్చిన చేతులు. గా చేతులతోని వంటింట్ల ఏదీ ముట్టొద్దు" అంటుంది. ముట్టకపోతే రాత్రికి అన్నం ఎవరు వండాలట? నీళ్ళు పడగానే అవే చేతులు ఎలా పనికొస్తాయో నాకెప్పుడూ అర్థం కాలేదు. బియ్యం కడుగుతాయి, అంట్లు తోముతాయి, పడుకునే ముందు ఆమె కాళ్ళు పిసుకుతాయి. అప్పుడు మాత్రం "నీ చేతుల మంచిగ సల్లదనమున్నది బిడ్డా" అంటుంది.

ఈసారి నల్లా దగ్గర ఇంకో మాట కలిసింది. "పిల్లకు నువ్వే అంటించినవ్."

పిల్ల అంటే నా కూతురు మనోజ్ఞ. రెండో తరగతి చదువుతోంది. కొన్నాళ్ళుగా వాడిపోయి తిరుగుతోంది. కడుపు నొస్తుందంటుంది, బడి నుంచి రాగానే పడుకుంటుంది. ఒంట్లో రక్తం తక్కువుందని మా డాక్టర్ కృపారాణి మేడం చెప్పింది. పిల్ల దొడ్డికి వెళ్తే డబ్బాలో పట్టుకెళ్ళి నేనే మైక్రోస్కోపు కింద పెట్టాను. కోలగా, పల్చటి అంచుతో, పేగుల్లో రక్తం తాగే కొంకిపురుగు గుడ్లు. తండా వాళ్ళ డబ్బాల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా బిడ్డ డబ్బాలో చూసేసరికి కళ్ళజోడు తుడుచుకొని మళ్ళీ చూశాను. మేడం గోలీ ఇచ్చింది, వేశాను. అక్కడితో నోరు మూసుకొని ఉంటే అయిపోయేది. తెలివితక్కువదాన్ని, ఇంట్లో చెప్పాను.

"నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు నా భర్త అరవింద్, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే. "దసరా లోపల ఇడ్సిపెట్టు గా నౌకరి. రాజీనామా రాసియ్యి, నేనే ఇచ్చొస్త. బిడ్డకంటె ఎక్కువనా?"

బిడ్డకంటే ఎక్కువ కాదు. ఆ పురుగు చేతులకు అంటుకొని రాదు. తడిమట్టిలో ఉండి ఒట్టి కాళ్ళలోంచి ఎక్కుతుంది. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. తెలిసీ చేతులే చూసుకున్నాను. గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాను. నాది కూడా పరీక్ష చేసుకున్నాను, ఏమీ లేదు. నా దగ్గర లేనిది నేనెలా అంటిస్తాను? లేక చెప్పుల బురదతో వచ్చిందా? చీర కుచ్చిళ్ళకు అంటిందా? తండాకు పోయిన రోజు బస్టాండులో పిల్లను ఎత్తుకున్నానే, అప్పుడా? ఒకసారి మొదలైతే మనసు ఊరుకోదు. ఇంట్లో అందరూ నీదే తప్పంటే, ఆ తప్పు ఎక్కడుందో నీకు దొరకకపోయినా, ఎక్కడో ఉండే ఉంటుందని వెతుక్కుంటూనే ఉంటావు. నేను కూరలో ఉప్పు వేశానో లేదో కూడా మరిచిపోయి రెండుసార్లు వేశాను. దానికీ తిట్లే.

అసలు ఈ పురుగు తీరే నాకు అంతుపట్టదు. ఎండాకాలంలో తండా డబ్బాల్లో వెతికినా పెద్దగా కనబడదు. నాట్లయిపోయి, వినాయకుణ్ణి నీళ్ళలో కలిపే వేళకు ఆడవాళ్ళ డబ్బాల నిండా అదే. బడిలో పిల్లలకు గోలీలు పంచుతాం, తల్లులకు ఎవరూ పంచరు. "వానకాలం గదా, తండాల శుభ్రత ఉండది" అని దవాఖానలో అందరం అనేసుకుంటాం. వాన మా ఊరి మీద కూడా కురుస్తుంది కదా, మరి తండానే ఎందుకు పట్టుకుంటుంది అని ఎవరమూ అడగలేదు.

శనివారం తార దవాఖానకు వచ్చింది. పోచారం వైపు తండా ఆమెది. నాట్లకూ కలుపుకూ మా పొలానికి వచ్చే ఆడవాళ్ళలో ఒకతె. డబ్బా నా బల్ల మీద పెట్టి, కాలు కాలికేసి రాస్తోంది. వేళ్ళ సందుల్లో ఎర్రగా పొక్కింది.

"గీ దురదేంది తారా?"

"మీ పైమడి దురదనే అక్కా" అని నవ్వింది.

"మా పైమడా?"

"మేమందరం గట్లనే అంటం. పక్కోళ్ళ మళ్ళ దిగితె గింత ఉండది. మీ పైమళ్ళ దిగి ఎక్కినమా, ఇగ గోకుడే గోకుడు."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"ఎవలకు చెప్పాలె? మీ అత్తకు ఓపాలి చెప్పిన. ఆడోళ్ళకు గివన్ని ఉండేటియే, పని చూస్కో అన్నది."

కాళ్ళకు చెప్పులేసుకో అనబోయి ఆగాను. బురదలో చెప్పులు నిలవవు, ఆ సంగతి సరే. పొలంలో లక్ష్మి ఉంటుందని మా అత్త గట్టు మొదట్లోనే అందరి చెప్పులూ విడిపిస్తుంది. కూలోళ్ళవీ, మావీ.

ఆదివారం పొద్దున వాకిలి ఊడుస్తున్నాను. మా అత్త చెంబు పట్టుకొని బయల్దేరింది. వెనకాలే మనోజ్ఞ, ఒట్టి కాళ్ళతో, నానమ్మ కొంగు పట్టుకొని. రోజూ చూసేదే. మా ఇంట్లో లెట్రిన్ ఉంది, అరవింద్ టైల్స్ వేసి మరీ కట్టించాడు. కాని దాని గోడ దేవుడర్ర గోడకు ఆనుకొని ఉంది. "దేవుని పక్కపొంటి గా పని ఎట్ల జేస్తరే, పాపం తగులదా?" అని మా అత్త ఒక్కనాడూ అందులో అడుగు పెట్టలేదు. ఇంటి వెనకే ఉన్న మా పైమడి గట్టుకు పోతుంది. పిల్లకు కూడా అదే అలవాటు చేసింది. వాన పడితే ఆ గట్టు మీది దొడ్డి, అందులోని గుడ్లు నీళ్ళతో పాటు మడిలోకే దిగుతాయి.

చీపురు పట్టుకొని అలాగే నిలబడ్డాను. తార చెప్పిన పైమడి దురద, పురుగు కాళ్ళలోకి ఎక్కుతున్న దురదే. నెత్తి మీద ఎవరో కొట్టినట్టయింది. మరి ఇది తండా నుంచి మా ఇంటికి వచ్చిందా, మా ఇంటి నుంచి తండాకు పోయిందా? కలుపుకు వచ్చిన తార మాత్రం పగటి పూట ఎక్కడికి పోతుంది, ఆ గట్టు చాటుకే కదా? ముందు ఎవరు, వెనక ఎవరు? ఎటు తిప్పి ఆలోచించినా మొదలు దొరకలేదు. ఒక్కటే దొరికింది. ఈ దారిలో నా చేతులు ఎక్కడా లేవు.

కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళ నల్లా నీళ్ళన్నీ ఒక్కసారే ఆమె మీద కుమ్మరించాలనిపించింది. ఏమేం అనాలో వరసగా అనుకుంటూ లోపలికి పోయి దవాఖాన సంచి తీశాను. ఖాళీ డబ్బాలు రెండు పట్టుకొని అరుగు మీదికి వచ్చేసరికి మా అత్త తిరిగొచ్చి, స్తంభానికి ఆనుకొని రొప్పుతోంది. నాలుగడుగులకే ఆయాసం. ముసలితనం అనుకుంటాం అందరం. అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మనోజ్ఞకూ అట్లాగే ఉన్నాయి కదా అని అప్పుడు తోచింది. కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. నాకు ఆమె మీద కోపమో జాలో, నాకే తెలియలేదు.

"రాసినవా?" అన్నాడు అరవింద్, చాయ్ తాగుతూ. "రేపు ఎల్లారెడ్డి పోతున్న, ఇచ్చొస్త."

"రాయలే. రాయను గూడ."

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నేను డబ్బాలు అరుగు మీద పెట్టాను.

"గివేంది?"

"రేపు పొద్దుగాల నీదొకటి, అత్తమ్మదొకటి. నేను చూస్త."

"దిమాక్ ఖరాబైందా? మాదెందుకే? మేమేమన్న తండోళ్ళమా?"

"తండోళ్ళు దిగేది మన పైమళ్ళనే గద" అన్నాను. "మన గట్టు మీదికెల్లి నీళ్ళు దిగేది గా మళ్ళకే గద. పిల్ల గూడ ఒట్టి కాళ్ళతోని గాడికే పోతున్నది. ఇగ పోవద్దు. తారోళ్ళకు గోలీలు నేను మేడంను అడుగుత."

అరవింద్ వాళ్ళమ్మ వైపు చూశాడు, ఇప్పుడు పిడుగు పడుతుందన్నట్టు. నేనూ అదే అనుకున్నాను. మా అత్త మాత్రం మెల్లగా కాలు పైకి లాక్కొని, వేళ్ళు విడదీసి చూసుకుంది. ఎన్నేళ్ళుగానో ఆ కాళ్ళు పిసుకుతున్నాను, వేళ్ళ సందుల్లోకి ఏనాడూ చూడలేదు. అచ్చం తార కాళ్ళలాగే ఉన్నాయి.

"దురద పెడ్తె గూడ చెప్పాల్నా?" అన్నది చిన్నగా.

"ఎన్నటి సంది అత్తమ్మా?"

"గీ ఇంటికి కోడలుగ వచ్చిన కాడికెల్లి. మా అత్తకు చెప్పిన. ఆడోళ్ళకు గివన్ని ఉండేటియే, పని చూస్కో అన్నది."

అరవింద్ ఏదో అనబోయాడు. "నువ్వు ఊకో" అన్నది ఆమె.

నేనింకా స్నానం చేయలేదు. దవాఖాన సంచిలో పెట్టి తీసిన చేతులు అట్లాగే ఉన్నాయి. ఒక డబ్బా తీసి ఆమె ముందు పట్టుకున్నాను. మా అత్త నా చేతుల వైపు చూసింది, నల్లా వైపు చూసింది, ఆ చేతుల్లోంచే డబ్బా అందుకున్నది.