చూపుడు డబ్బు

సగం హాలు తుడిచేసరికి మొదటి ఫెర్రీ జనం వచ్చిపడ్డారు. తడి ఆరనిచ్చే ఓపిక ఒక్కరికీ లేదు. చెప్పుల బురదతో నేల మళ్లీ మొదటికొచ్చింది. సావొదా లోలోపలే తిట్టుకుంటూ బకెట్టు పక్కకు లాగింది. ఫినాయిలుకు వేళ్లు తెల్లగా నానిపోయాయి, వంగి వంగి నడుము ఒక పక్కకు ఒరిగింది. ఇండోనేషియాలోని కరిమున్ రేవులో ఆమె తుడిచే ఈ నేల మీదుగానే ఊరంతా సముద్రం దాటి మలేషియా వెళ్లొస్తుంది. అవతలి రేవు గేటు దాటనిది ఆమె ఒక్కతే.

అవతల, జొహోర్‌లో, అక్క తిమా మంచం పట్టింది. ఊపిరి అందడం లేదు. ఇన్నాళ్లూ తనే వచ్చిపోయేది. ఇప్పుడు ఫోనులో ఒకటే పాట: "ఒక్కసారి రావే. సగ్గు అట్లు తెచ్చిపెట్టవే."

పోయిన నెల సావొదా రెండుసార్లు ఫెర్రీ ఎక్కింది. రెండుసార్లూ అవతలి రేవు నుంచే తిప్పి పంపారు. చేతిలో డబ్బు లేనివాళ్లు పర్యాటకులు కారట. తోడబుట్టినదాన్ని చుట్టపుచూపుగా పలకరించడానికి కూడా ముందు నోట్లు చూపించాలి. ఈ రూలు రాసినవాడికి అక్కచెల్లెళ్లు లేరు కాబోలు.

దీనికి మందు టీకొట్టు ఆసున్ దగ్గరుంది. ఇస్త్రీ చేసినట్టుండే మలేషియా రింగిట్ నోట్ల కట్ట అద్దెకిస్తాడు. గేటు దాటగానే అవతల అతని మనిషి దాన్ని వెనక్కి తీసుకుంటాడు. రేవంతా దాన్ని చూపుడు డబ్బు అంటుంది.

"ఎవరిదని అడిగితే నాదే అను అక్కా. ఇంకేం వాగకు," అన్నాడు ఆసున్.

"వాగడానికి నేనేమన్నా నీ పెళ్లాన్నా? అద్దె మాత్రం ముందే గుంజావు, సిగ్గులేనోడా!"

బకెట్టు మూలన పెట్టి, కొత్త తలగుడ్డ చుట్టుకుని, పువ్వుల ఎనామిల్ క్యారియరు పట్టుకుని ఫెర్రీ ఎక్కింది.

అవతల కౌంటరులో కుర్ర ఆఫీసరు మర్యాదస్తుడే. పక్క బల్ల మీద క్యారియరు పెట్టించి, నోట్లు చూశాడు.

"ఈ డబ్బు మీదేనా పిన్నీ?"

"నాదే బాబూ."

"మరి ఇక్కడ దేనికి ఖర్చుపెడతారు?"

సావొదా కంగారుపడింది. "అయ్యో, ఒక్క నోటు కూడా ముట్టను బాబూ! ఖర్చుపెట్టే డబ్బు కాదు కదా, ఇది చూపుడు డబ్బు!"

అది ప్రభుత్వం పెట్టిన పేరనే ఆమె అనుకుంది. వెనక వరసలో ఎవరో తల కొట్టుకున్నారు. ఆఫీసరు నవ్వలేదు. పాస్‌పోర్టు మీద ప్రవేశం లేదన్న ముద్ర వేసి, వచ్చిన ఫెర్రీలోనే తిరిగి ఎక్కించమన్నాడు. "మా అక్క చచ్చిపోతోంది బాబూ," అని ఆమె అరుస్తూనే ఉంది, గార్డు చెయ్యి పట్టుకుని నడిపిస్తూనే ఉన్నాడు.

కరిమున్‌లో ఆసున్ కట్ట తీసుకున్నాడు. అద్దె మాత్రం తిరిగివ్వలేదు.

"చూపించావుగా అక్కా. అద్దె అద్దే."

ఇంతలో ఫోను మోగింది. అక్క కొడుకు.

"పిన్నీ, అమ్మ పోయింది. నువ్వొస్తున్నావని చెప్పాం. తలుపు వైపే చూసింది."

మధ్యాహ్నపు ఫెర్రీ జనం తోసుకొస్తున్నారు. సావొదా తుడుపుకర్ర అందుకోబోయి, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని అప్పుడు గమనించింది. అవతలి ఒడ్డున, కౌంటరు పక్క బల్ల మీద, పువ్వుల క్యారియరు సగ్గు అట్లతో అలాగే ఉండిపోయింది.