చిన్న ప్యాకెట్టు

జూన్ రెండో ఆదివారం మా ఊరి చర్చిలో విత్తనాల ప్రార్థన జరుగుతుంది. ఆ ఏడు వెయ్యబోయే విత్తనాలు తెచ్చి బల్ల మీద పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేసిన తరవాతే ఎవరైనా గింజ నాటేది. మొన్న ఆ ఆదివారానికి ముందురోజు నా తమ్ముడి భార్య గ్లోరి ఫోన్ చేసింది.

"బావగారూ, ఒకసారి రాగలరా? ఒక ప్యాకెట్టు చూసి చెప్పాలి."

ప్రతి ఏడూ ఈ ఫోను నా తమ్ముడు యేసురాజు చేసేవాడు. వాడు పోయి ఎనిమిది నెలలైంది.

నేను తిరువూరులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో కాలేజీ చదువు చదివింది నేనొక్కణ్ణే. అందుకని విత్తనాల ప్యాకెట్టు మీద ఏం రాసి ఉందో చదివి చెప్పడం నా పని అయింది. నేను చెప్పింది వాడు మారు మాట్లాడకుండా చేసేవాడు.

గంపలగూడెం దగ్గర షేర్ ఆటో దిగి ఇంటికి వెళ్లేసరికి గ్లోరి వరండాలో చేట పెట్టుకుని కందులు బాగుచేస్తోంది. పక్కన రెండు ప్యాకెట్లు ఉన్నాయి. ఒకటి ఎప్పుడూ వేసే పత్తి విత్తనం, రంగుల బొమ్మతో. రెండోది ఉత్త తెల్ల కవరు. పేరు లేదు, ఊరు లేదు.

"ఇది విత్తనాలమ్మే ఏడుకొండలు ఇచ్చాడండి. గడ్డిమందు కొట్టినా పత్తికేం కాదంట. కలుపు ఒక్కటే చస్తుందంట."

"బిల్లు ఇచ్చాడా?"

"అడిగితే నవ్వాడు. 'ప్రభుత్వం వద్దన్న విత్తనానికి బిల్లేంటక్కా, పెళ్లికి ముందే బారసాలా' అన్నాడు."

నవ్వు వచ్చి ఆగిపోయింది ఇద్దరికీ.

"రెండెకరాలండి. మూడుసార్లు కలుపు తియ్యాలి. కూలోళ్లు దొరకట్లేదు. నేనే ఒకప్పుడు పదిమందికి కలుపుకెళ్లినదాన్ని, ఇప్పుడు నా చేలోకి ఒక్కళ్లూ రారు. మీరు వెయ్యమంటే వేస్తాను, వద్దంటే మానేస్తాను. మీ మాటే."

ఆ చివరి మాట దగ్గర నేను తల వంచుకున్నాను.

ఇరవై ఏళ్ల కిందట, ఈ రంగుల ప్యాకెట్టు పత్తి ఇంకా మా ఊరికి రాకముందు, యేసురాజు ఒక పంటకి పదిహేనుసార్లు మందు కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముద్ద నోటికి ఎత్తలేకపోయేవాడు. చేతులు వణికేవి. తరవాత కాయతొలిచే పురుగుని తనే చంపే విత్తనం వచ్చింది. స్ప్రేయరు మూలన పడింది. మూడు నాలుగుసార్లు, అదీ ఆకు రసం పీల్చే దోమకి, అంతే. ఆ విత్తనం నా తమ్ముడికి చాలా ఏళ్ల ఆరోగ్యం ఇచ్చింది. అది నేను కాదనలేను.

ఆ ప్యాకెట్టుతో పాటు ఇంకొక చిన్న ప్యాకెట్టు వచ్చేది. అందులో మామూలు పత్తి గింజలు. వాటిని పురుగు తినేందుకు పొలం చుట్టూ వరుసలుగా వెయ్యాలని ఇంగ్లీషులో సన్నటి అక్షరాలతో రాసి ఉండేది. పక్క పొలం వీరరాఘవయ్యగారు అది విని, "పురుగుక్కూడా వాటా ఇయ్యాలంటయ్యా మాస్టారూ? ఇంక కౌలు కాగితం కూడా రాసిద్దాం" అన్నారు. అందరం నవ్వాం. ఊళ్లో ఆ ప్యాకెట్లు చెత్తలో పడేసేవారు.

మా స్కూల్లో విత్తనాలు మొలకెత్తే పాఠానికి గింజలు కావాలి. "పారెయ్యకురా, నాకివ్వు, పిల్లలకి పనికొస్తాయి" అన్నాను తమ్ముడితో. ఆ మాట పట్టుకుని వాడు ప్రతి జూన్‌లోనూ ఇల్లిల్లూ తిరిగి, ఊరందరి చిన్న ప్యాకెట్లూ సంచీలో వేసుకుని బండి మీద తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. పిల్లలు తడి దూది మీద ఆ గింజలు మొలిపించి, ఆకులు లెక్కపెట్టి, బొమ్మలు గీసేవారు.

అదే గదిలో, పదో తరగతికి, ప్రకృతి వరణం చెప్పేవాణ్ణి. విషానికి తట్టుకున్న ఏ కొన్ని పురుగులో మిగులుతాయి, వాటి పిల్లలే పెరుగుతాయి. మామూలు మొక్క మీద బతికిన పురుగులు వాటితో కలిస్తే ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. చిన్న ప్యాకెట్టు పని అదే. పాఠం నా నోట్లో ఉంది, ప్యాకెట్టు నా బీరువాలో ఉంది. రెంటినీ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడలేదు.

కొన్నేళ్లకి పత్తిలో గుడ్డిపూలు కనిపించాయి. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వు. విప్పితే లోపల గులాబీ రంగు కాయతొలిచే పురుగు. స్ప్రేయరు మళ్లీ బయటికొచ్చింది. పోయిన అక్టోబరులో, మనిషెత్తు చేలో, రెండు రకాల మందులు కలిపి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని రెండు రోజులు కొట్టాడు. మూడోరోజు చేలోనే పడిపోయాడు. విజయవాడ ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాడు.

"ఊరంతా వెయ్యలేదు, మీవాడొక్కడి ప్యాకెట్టుతో పురుగు ఆగేదా?" అన్నారు వీరరాఘవయ్యగారు, సమాధి దగ్గర నేను చిన్న ప్యాకెట్టు మాటెత్తితే. మంచి మనసుతోనే అన్నారు. ఊరంతటి ప్యాకెట్లూ వాడు ఏరుకుపోయింది నా మాట మీదేనని ఆయనకి చెప్పలేదు.

ఈ సంగతంతా గ్లోరికి చెప్పాను. మధ్యలో ఆపలేదు. ఆమె వేళ్లు కందుల్లోంచి రాళ్లు ఏరుతూనే ఉన్నాయి.

"ఆయనకి తెలుసు బావగారూ."

"ఏం తెలుసు?"

"చిన్న ప్యాకెట్టు సంగతి. వ్యవసాయాఫీసు వాళ్లు మీటింగు పెట్టి చెప్పారు. మనం వేద్దామా అని నేనడిగాను. 'అన్నయ్య స్కూలుకి కావాలన్నాడుగా' అన్నారు. పోనీ బావగార్నే అడగండి అన్నాను. 'అంత చదువుకున్నోడికి తెలీదా? తెలిసే అడిగుంటాడు' అన్నారు."

వీధిలో ఎవరో మేకల్ని తోలుకెళుతున్నారు.

"ఇంతకీ ఈ తెల్ల కవరు?" అంది.

"గడ్డిమందు గాలికి వీరరాఘవయ్యగారి మిరప మీద పడితే మిరప చస్తుంది. ఏటా అదే మందు కొడితే చావని గడ్డి మిగులుతుంది. ఇంతవరకూ తెలుసు. ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలియదమ్మా."

"తెలియదా?"

"తెలియదు."

ఆమె చేట పక్కన పెట్టింది. "ఈ మాట ఆయనున్నప్పుడు ఒక్కసారి అనుంటే బాగుండేదండి."

గొంతులో కోపం లేదు.

తెల్ల కవరు చీరకొంగుతో తుడిచి, ఏడుకొండలుకి తిరిగివ్వడానికి గూట్లో పెట్టింది. "సోమవారం నన్ను వ్యవసాయాఫీసుకి తీసుకెళ్లండి. మీరు మాట్లాడొద్దు. నేనడుగుతాను."

ఆదివారం ప్రార్థనకి బల్ల మీద ఆమె రంగుల ప్యాకెట్టు ఒక్కటే పెట్టింది. సోమవారం నేను ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇదివరకు ఒక చిన్న ప్యాకెట్టు విడిగా వచ్చేది కదండి. ఇప్పుడెందుకు రావట్లేదు?"

"ఎవరూ వెయ్యట్లేదని, పెద్దదాంట్లోనే కలిపేస్తున్నారమ్మా" అన్నాడు లోపలి ఉద్యోగి. "ఎక్కడికక్కడ పారేశారంట."

"పారెయ్యలేదండి," అంది గ్లోరి.