లైటు ముట్టుకోకు

మామయ్యను పిలవాలంటే లైటు కొట్టాలి. ఆ వర్క్‌షాపులో అడుగుపెట్టినవాళ్లు మొదట నేర్చుకునేది అదే. ముప్పై ఏళ్లు గ్రైండర్ ముందు నిలబడీ నిలబడీ ఆయన చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి. గొంతు చించుకోవడం దండగ. గుమ్మం పక్కనున్న స్విచ్ రెండుసార్లు టకటకలాడిస్తే ఆయన నెత్తిమీద ట్యూబులైటు మిణుకుమంటుంది. అప్పుడు వెనక్కి తిరిగి "ఏంటి?" అంటాడు.

ఆయన మేనకోడలు డిప్లొమా ముగించి పనిలో చేరి ఆర్నెల్లయింది. వారం తిరక్కుండానే ఆయన ఆమెకు ఇంజనీరమ్మ అని పేరు పెట్టేశాడు. అందులో గౌరవం పావు వంతు, వెటకారం ముప్పావు.

అక్కడి పని తలుపుల అల్యూమినియం పిడుల్ని నున్నగా అరగదీయడం. రాలిన పొడినంతా ఒక పైపు లాగేసి, గుమ్మం దగ్గరున్న వాక్యూమ్‌లో పడేస్తుంది. కింద నడుమెత్తు డ్రమ్ము, దాని నెత్తిన మోటారు. మామయ్యకో అలవాటుండేది. పిడి వేడెక్కితే బకెట్‌లో ముంచి, నీళ్లు కారుతుండగానే మళ్లీ గ్రైండర్‌కి ఆనించేవాడు. ఇంజనీరమ్మ బకెట్‌కీ గ్రైండర్‌కీ మధ్య నేలమీద ఎర్రరంగుతో గీత గీసింది.

"తడిది ఏదీ ఈ గీత దాటకూడదు మామయ్యా! మోటారు కాలిపోద్ది!" అని చెవిలో అరిచింది.

"దాటితే ఎవడొస్తాడే, రాక్షసుడా?"

"మెకానిక్కొస్తాడు!"

నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి ప్రతి పిడినీ తువ్వాలుతో తుడిచాకే గీత దాటించాడు.

ఆ ఉదయం తొమ్మిదింటికి ఆమె వచ్చేసరికి మామయ్య దొడ్డితలుపు తీసుకుని అప్పటికే లోపలున్నాడు. కిటికీ వెలుగులో, గదికి అటు చివర, వీపు ఇటు పెట్టి ఏప్రన్ కట్టుకుంటున్నాడు. ఆమె రోజూలాగే ఒక చెయ్యి డ్రమ్ముకి ఆనించి, చెప్పులు విప్పి బూట్లు వేసుకోబోయింది.

డ్రమ్ము వెచ్చగా ఉంది.

అక్కడ ఎండ పడదు. నిన్న సాయంత్రం నుంచి మిషను ఆడలేదు. చెవి ఆనించింది. లోపల ఎసరు కాగుతున్నట్టు సన్నగా బుసబుస.

ఆమె చటుక్కున తల వెనక్కి తీసింది. అల్యూమినియం పొడి తడిస్తే వేడి పుడుతుంది, గ్యాసు పుడుతుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు, పేలడానికి నిప్పురవ్వ ఒక్కటి చాలు. కాలేజీలో సారు చిన్న సీసాలో చిటికెడు పొడితో చేసి చూపిస్తే బిరడా వెళ్లి సీలింగుకి తగిలింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఈమె కూడా. అది చిటికెడు. ఇది డ్రమ్ము.

మామయ్య కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన వరస ఎప్పుడూ మారదు. ఏప్రన్, కళ్లద్దాలు, పది వేళ్లూ విరుచుకోవడం, తర్వాత పచ్చ బటన్. బటన్ నొక్కితే గ్రైండర్‌తో పాటు వాక్యూమ్ మోటారూ తిరుగుతుంది. సరిగ్గా ఆ డ్రమ్ము నెత్తిమీద.

"మామయ్యా!"

అరిచి లాభం లేదని తెలిసీ అరిచింది. చెయ్యి దానంతటదే లైటు స్విచ్ మీదికి వెళ్లింది. వేలు ప్లాస్టిక్‌కి తగిలాక గుర్తొచ్చింది, స్విచ్ వేసినా రవ్వే. చురుక్కుమన్నట్టు చెయ్యి లాక్కుంది. మెయిన్ స్విచ్ చూస్తే డ్రమ్ము వెనక గోడకే ఉంది.

ఎడమచేతి వేళ్లు విరుచుకోవడం అయిపోయింది.

మధ్యలో మోకాళ్లెత్తు పిడుల పెట్టెలు. వాటిని తప్పించుకుని చేరేలోపు ఆయన పని మొదలెట్టేస్తాడు. ఇనుపముక్క ఏదైనా విసిరితే అదీ రవ్వే. కుడిచేతి వేళ్లూ అయిపోయి, బొటనవేలు బటన్ వైపు లేచింది.

చేతిలో రబ్బరు చెప్పుంది.

పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్లకి ఎదురు చెప్పిందేమో గానీ, చెప్పు మాత్రం ఎత్తలేదు. విసిరింది. అది వెళ్లి ఆయన మెడమీద ఫట్టున పడింది.

ఆయన తిరిగాడు. కింద పడ్డ చెప్పును చూశాడు, ఆమెను చూశాడు.

"చెప్పా? నా మీద చెప్పు విసురుతావే? నిన్నూ..."

"రా! కొట్టుదువుగాని రా!" రెండు చేతులతోనూ రమ్మని సైగ చేస్తూ ఆమె వెనక్కి నడిచింది. ఆయన పెట్టెలు దాటుకుంటూ మీదికొస్తున్నాడు. ఆ కోపం చల్లారితే ఎక్కడ ఆగిపోతాడోనని ఆమె భయం.

సరిగ్గా అప్పుడే అత్త టీ ఫ్లాస్కుతో గుమ్మంలోకి వచ్చింది. "ఏంటయ్యా పొద్దున్నే రంకెలు?" అంటూ, మొగుడు తన వైపు చూడాలని అలవాటుగా స్విచ్ మీదికి చెయ్యి చాపింది.

ఇంజనీరమ్మ ఆ మణికట్టు ఒడిసి పట్టుకుంది. "లైటు ముట్టుకోకత్తా! బయటికి, బయటికి!"

ముగ్గురూ రోడ్డు అవతలికి చేరాక ఆమె ఫైర్‌స్టేషన్‌కి ఫోన్ చేసింది. పక్క షాపులవాళ్లను దూరంగా పొమ్మంది. ఆ తర్వాత మామయ్య చెవిలో అరిచింది. "డ్రమ్ములోకి నీళ్లెలా వచ్చాయి?"

ఆయన కోపం సగంలో ఆగింది. "నేనే పోశా. రాత్రి తలుపేసేముందు, చెంబెడు. అది ఖాళీ చేసినప్పుడల్లా దగ్గి చస్తున్నావు కదే. తడిపితే దుమ్ము లేవదనుకున్నా. మోటారు పైనుంది కదా, దానికి చుక్క తగల్లేదు. ఒట్టు."

ఆయన ఆమె చెప్పింది చెప్పినట్టే చేశాడు. మోటారు కాలిపోద్దని మాత్రమే చెప్పింది తను. మిగతాదంతా చెవిలో అరిచి చెప్పడానికి బద్ధకించింది.

ఫైరింజన్ వచ్చింది. స్తంభం దగ్గర కరెంటు తీయించారు. హెల్మెట్ పెట్టుకున్నాయన గ్యాసు పసిగట్టే మీటరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. మీటరు కీచుమని అరిచింది. మామయ్యకు అది వినపడలేదు. కానీ అంత మనిషీ ఒక్కో అడుగే వెనక్కి వేయడం కనపడింది.

"ఎందుకలా వెనక్కొస్తున్నాడు?" మామయ్య గొంతు తగ్గించి అడిగాడు. ఆయన గొంతు తగ్గగలదని ఆమెకు ఆరోజే తెలిసింది.

ఈసారి కుదించకుండా, మొదటి నుంచీ చెవిలో చెప్పింది. వింటూ వింటూ ఆయన తన కుడి బొటనవేలు చూసుకున్నాడు. దాన్ని పిడికిట్లో దాచుకున్నాడు.

"రెండో చెప్పు కూడా విసరాల్సింది" అన్నాడు చివరికి.

ఎవరూ నవ్వలేదు.

"ఇక వదలవే, నొప్పెడుతోంది" అంది అత్త. ఆమె మణికట్టు ఇంకా ఇంజనీరమ్మ చేతిలోనే ఉంది. వదులుదామని చూసింది. వేళ్లు విడివడలేదు.